తాతగారి మిద్దె ఎన్ని ఫ్లాట్లను మోస్తుంది?

ఒడిశాలోని బరంపురం పాతబస్తీ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి వేయవద్దన్నారు. వయసు 56, బట్టల వ్యాపారం. ఆయన తాతగారు రంగూన్ వర్తకంలో సంపాదించి 1924లో కట్టించిన ఇంట్లో తల్లితో, భార్యతో ఉంటున్నారు. వీధి వైపు 38 అడుగులు, లోపలికి 110 అడుగులు. వీధి అరుగు, చావడి, మధ్యలో 14×16 అడుగుల మండువా, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. 20 అంగుళాల సున్నపు గోడలు, బర్మా టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ (ఇటుకలు పేర్చి సున్నపు కంకర వేసిన కప్పు). పైన ఒక అంతస్తు. రెండు పక్కలా గోడలు ఇరుగుపొరుగులతో ఉమ్మడి.

హైదరాబాదులో ఉన్న అన్నయ్య ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేద్దామంటున్నారు. పడగొట్టి ఐదంతస్తులు కట్టి, నూటికి నలభై వంతులు కుటుంబానికి ఇస్తానని బిల్డర్ మాట. అడ్వాన్సు చెక్కు రాసి పంపాడు కూడా. పాఠకుడికి ఇల్లు పడగొట్టడం ఇష్టం లేదు. మరో మేస్త్రీ వచ్చి, మండువా మీద శ్లాబు వేసి, గదిగదికీ బాత్‌రూమ్ పెడితే ఇదే ఇంట్లో ఎనిమిది చిన్న ఫ్లాట్లు వస్తాయన్నాడు. సోంపేటలో ఉన్న అక్కను ఎవరూ అడగలేదు. ‘దాని పసుపు కుంకుమలు పెళ్ళిలోనే ఇచ్చేశాం’ అని అన్నయ్య అంటున్నారు. తాతగారు 1951లో, నాన్నగారు 1998లో పోయారు. వీలునామా లేదు, పంపకాలు జరగలేదు. అమ్మగారికి 84. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారి ఘటం వచ్చే వేళ ఆ అరుగు మీదే నిలబడాలని ఆమె కోరిక. ‘ఇల్లు నిలిచే దారి ఉందా, ఉంటే అన్నయ్యకు ఏం చెప్పాలి?’ అన్నది ప్రశ్న.

—

నమస్కారం. మీ ఉత్తరంలో రెండు చిక్కులు కలిసిపోయి ఉన్నాయి. ఇల్లు ఎంత బరువు, ఎంత నీరు తట్టుకుంటుందన్నది ఒకటి. ఎవరి సంతకం లేకుండా ఏ పనీ సాగదన్నది రెండోది. రెండో దాన్ని ముందు చూద్దాం. అది తేలకపోతే మొదటిదానికి పెట్టే ప్రతి రూపాయీ గాలిలో పెట్టినట్టే.

మీ అన్నయ్య మాట వెనక ఒక అపార్థం ఉండి ఉండొచ్చు. ఆంధ్రాలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985లోనే వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళైనవారికి వర్తించలేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మన కుటుంబాల్లో ఆ నియమమే ఇక్కడా ఉందనుకునేవారు చాలామంది. ఒడిశాలో అలాంటి రాష్ట్ర సవరణ లేదు. ఇక్కడ వర్తించేది 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ. దాని ప్రకారం కూతురు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుదారు, పెళ్ళి ఎప్పుడైనా సరే. తండ్రి అంతకు ముందే చనిపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల దస్తావేజు ఉంటే సంగతి వేరు. మీ ఇంట్లో అది లేదు. పెళ్ళిలో ఇచ్చిన పసుపు కుంకుమలు ఎంతైనా, అవి హక్కు వదులుకున్నట్టు కాదు. హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేస్తేనే వదులుకున్నట్టు.

మీ అమ్మగారికీ వాటా ఉంది. ఎవరికి ఎన్నో వంతన్నది మీ వకీలు లెక్క వేస్తారు. అక్క సంతకం, అమ్మ సంతకం లేకుండా బిల్డర్‌తో చేసుకునే ఏ ఒప్పందమైనా రేపు కోర్టులో చిక్కుకుంటుంది. కాబట్టి ముందు సోంపేట వెళ్ళి అక్కతో మాట్లాడండి. సంతకం కోసం వచ్చారని ఆమెకు అనిపించకూడదు; ఇంటి విషయంలో ఆమె అభిప్రాయం అడగండి. ఈ ఉత్తరంలో మీరు కూడా ఆమె ఏమనుకుంటోందో ఒక్క మాట రాయలేదు.

అన్నయ్య తన వాటా బయటివాళ్ళకు అమ్మేస్తారేమోనన్న భయం మీకుంది. అమ్మగలరు. అయితే విడిపోని కుటుంబం నివాసమున్న ఇంట్లో వాటా కొన్న బయటి మనిషి మీతోపాటు ఉమ్మడిగా కాపురం పెట్టే హక్కు అడగలేడని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను చెబుతుంది. అతను విభజన దావా వేస్తే, ఆ వాటాను కోర్టు కట్టిన ధరకు మీరే కొనుక్కునే వీలు 1893 నాటి విభజన చట్టంలో ఉంది. ఇది మీకు ధైర్యం ఇవ్వాలి. అన్నయ్య మీద విసరడానికి కాదు.

కాగితాల్లో ఇంకొక్కటి. తహశీల్దారు కార్యాలయంలో పట్టా ఇంకా తాతగారి పేరనే ఉందో, నాన్నగారి పేర మారిందో చూడండి. అందులో కిసం, అంటే భూమి రకం, ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని ఉండాలి. అమీన్‌ను (భూమి కొలిచే సర్వేయరును) పిలిచి కొలిపించండి. పాతబస్తీల్లో వీధి అరుగు చాలాసార్లు పట్టా గీత దాటి మునిసిపల్ కాలువ మీద ఉంటుంది. అలా తేలితే అరుగును ఏ ఫ్లాటు విస్తీర్ణంలోనూ కలపకండి.

ఇప్పుడు ఇల్లు.

ఇలాంటి ఇంటిని ఎన్ని భాగాలు చేయవచ్చో గదుల సంఖ్య చెప్పదు. వంటిళ్ళు, స్నానాల గదులు ఎక్కడ పెట్టగలమన్నదే చెబుతుంది. సున్నపు గోడ, టేకు దూలం నూరేళ్ళు నిలవడానికి కారణం వాటికి చెమ్మ చేరినా ఆరిపోయే వీలుండటం. ఆ వీలు పోగొడితే పదేళ్ళలో దూలం కొస పుచ్చిపోతుంది. మేస్త్రీ చెప్పిన ఎనిమిది ఫ్లాట్ల పథకం సరిగ్గా అక్కడే దెబ్బ తింటుంది.

లెక్క చూడండి. నివాస గదుల అంతస్తు మీద మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు డిజైన్ చేయడం భారతీయ ప్రమాణం. బాత్‌రూమ్ పైపులు దాచడానికి శ్లాబును అడుగు లోతు దించి ఇటుక ముక్కలతో నింపుతారు. ఆ నింపుడు ఒక్కటే చదరపు మీటరుకు 500 కిలోలకు వస్తుంది. దాని మీద టైల్స్, తొట్టి, మనుషులు. టేకు దూలాల మీద ఇది వేయకూడదు. గదిని విడదీయడానికి పైన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టినా అదే తంటా: పది అడుగుల ఎత్తున ప్రతి మీటరు పొడవుకూ 750 కిలోలు దాటుతుంది, అదీ రెండు దూలాల మీద గీత గీసినట్టు పడుతుంది. పై అంతస్తులో అడ్డుగోడ తప్పనిసరైతే ఇనుప చట్రానికి సిమెంటు ఫైబర్ బోర్డు రెండు వైపులా బిగించి, మధ్యలో రాక్‌వూల్ పెట్టించండి. బరువు అయిదో వంతుకు తగ్గుతుంది, పక్కింటి మాటలు కూడా అంతగా వినిపించవు.

మండువా మీద శ్లాబు మాట పూర్తిగా మరిచిపోండి. మీకు రెండు పక్కలా కిటికీ పెట్టే చోటు లేదు. మధ్య గదులన్నింటికీ గాలి, వెలుతురు మండువాదే. గదులు తెరుచుకునే లోపలి ఖాళీ 3 మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నియమావళి కూడా చెబుతుంది.

మరి నీళ్ళ గదులు ఎక్కడ? పాత గోడలకు ఆనకుండా, తన స్తంభాల మీద తాను నిలబడే చిన్న కాంక్రీటు గోపురం లాంటిది కట్టి, అందులోనే కిందా పైనా వంటిల్లు, బాత్‌రూమ్ ఒకదాని మీద ఒకటి పెట్టాలి. మీ ఇంట్లో దానికి రెండే చోట్లున్నాయి. ఒకటి పెరటి గోడ వెనక. రెండోది మండువాలో: 16 అడుగుల వైపు నుంచి 5 అడుగులు తీసుకుంటే 11 మిగులుతుంది, అంటే 3.3 మీటర్లు. నియమం లోపలే ఉంటారు. 14 అడుగుల వైపు నుంచి తీస్తే 9 అడుగులే మిగిలి నియమం తప్పుతుంది. రెండు గోపురాలు, రెండు అంతస్తులు. నాలుగు ఫ్లాట్లు. అయిదోది ఎవరు చూపించినా దాని పైపు ఎక్కడ దిగుతుందో అడగండి.

ఈ గోపురానికీ పాత గోడకూ మధ్య అంగుళం ఖాళీ వదిలి, పైన రేకు మూత వేయించాలి. కొత్త కట్టడం కొంచెం దిగబడుతుంది, పాతది ఎప్పుడో దిగబడి ఆగింది. రెండింటినీ కలిపి ప్లాస్టరింగు చేస్తే మొదటి వానాకాలానికే పగులు వస్తుంది. పునాది తవ్వేటప్పుడు మరింత జాగ్రత్త. ఇలాంటి ఇళ్ళ పునాది మూడు నాలుగు అడుగుల లోతే ఉండటం సాధారణం. పాత పునాది అడుగుభాగం కన్నా ఎంత లోతుకు వెళ్ళాలో కనీసం అంత దూరం పక్కకు జరగాలి, గోతులు ఒక్కొక్కటిగా తవ్వి పూడ్చాలి. ఒకేసారి పొడవునా కందకం తీసి వాన పడితే గోడ కూర్చుంటుంది.

మండువా గోపురం మురుగు పెరటికి చేరాలంటే 40 అడుగులు పోవాలి. 110 మిల్లీమీటర్ల పైపుకు అరవైకి ఒకటి వాలు ఇస్తే 8 అంగుళాల దిగుడు కావాలి. మీ ఇంటి అరుగు ఎత్తు చూస్తే అది దొరుకుతుంది. పైపు గదుల కింద కాకుండా నడవా కిందే పోవాలి, మలుపు ఉన్న ప్రతిచోటా మూత తీయగల చాంబరు ఉండాలి.

మీ వీధిలో మురుగు లైను లేకపోతే సెప్టిక్ ట్యాంకు తప్పదు. 20 మందికి లోపలి కొలతలు 2.3 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు, ఏటా శుభ్రం చేయిస్తే 1.3 మీటర్ల నీటి లోతు. పెరట్లో అది పడుతుంది. కానీ నుయ్యికీ దాని ఇంకుడు గోతికీ మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలి. మీ పెరడు 38×25. మూల నుంచి మూలకు కొలిచినా 46 అడుగులు రాదు. కాబట్టి ఆ నూతి నీరు ఇకపై తాగడానికి, వంటకు వాడకూడదు. పక్క పెరళ్ళలో నూతులున్నా వాళ్ళకు ముందే చెప్పాలి. మీ అమ్మగారికి ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా ఇందులో రాజీ లేదు.

నాలుగు ఫ్లాట్లలో నలుగురేసి అనుకుంటే 16 మందికి రోజుకు మనిషికి 135 లీటర్ల చొప్పున 2,160 లీటర్లు కావాలి. అది రెండు టన్నులకు పైమాట. ట్యాంకులు గోపురాల మీదే పెట్టండి. ఏసీ బయటి యూనిట్లు కూడా అక్కడే. పాత గోడకు బిగిస్తే బరువు కన్నా కారే నీరు ఎక్కువ హాని చేస్తుంది.

పైకప్పు గురించి మీరు రాసిన ఒక్క వాక్యం నన్ను ఆపింది: 2013 ఫైలిన్ తుపాను తర్వాత కారుతోందని దాని మీద ‘నాలుగంగుళాల సిమెంటు కోబా’ (ఇటుక ముక్కలు, సిమెంటు కలిపిన పొర) వేయించామన్నారు. ఆ పొర బరువు చదరపు మీటరుకు 180 కిలోలకు తగ్గదు. అంటే పైకప్పు మోయగల అదనపు బరువులో అధిక భాగం మీరు వాడేశారు. పైగా సున్నపు పొరలో దిగిన నీరు ఇప్పుడు పైకి ఆరలేదు, కిందికే, దూలాల్లోకే పోతుంది. అన్నిటికన్నా ముందు తీయించాల్సింది అదే. చిన్న సుత్తి, ఉలితో తీయాలి, డ్రిల్లింగు మిషను పెట్టకూడదు. తర్వాత పగిలిన చోట సున్నపు కంకర వేసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ కర్ర సుత్తులతో కనీసం మూడు రోజులు కొట్టి, చదును పెంకులు పరిచి, వాలు సరిచేయాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. పాత గుళ్ళ మరమ్మతు చేసేవాళ్ళను ఆరా తీయండి.

దూలాలను మీరే కొంత చూడొచ్చు. ఈ కొస నుంచి ఆ కొసకు బిగుతుగా దారం కట్టండి. 12 అడుగుల దూలం మధ్యలో వంపు అరంగుళం దాటితే ఇంజినీరుకు చూపించాలి. గోడలోకి దూరే చోట మొన ఉన్న స్క్రూడ్రైవరుతో గుచ్చండి. పావు అంగుళం సులువుగా దిగితే కొస పుచ్చినట్టు. మధ్య భాగం గట్టిగా ఉండి కొస ఒక్కటే పోతే దూలాన్ని మార్చనక్కర్లేదు. రెండు వైపులా ఇనుప పట్టీలు బోల్టులతో బిగించి కొత్త కొస అతకవచ్చు. గోడలోకి వెళ్ళే కొస చుట్టూ గాలి ఆడేలా వేలెడు సందు వదలాలి. చెద గూళ్ళు కనిపిస్తే మందు కొట్టేముందు ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి.

కింది గోడల్లో నాలుగడుగుల దాకా సిమెంటు ప్లాస్టరింగు చేయించాక ఉప్పు ఇంకా పైకి పొంగిందన్నారు. అలాగే జరుగుతుంది. నేల చెమ్మ సిమెంటులోంచి బయటికి రాలేక, అది ఆగిన చోటి దాకా ఎక్కి అక్కడ ఆరుతుంది. ఉప్పు గీత కన్నా ఒక అడుగు పైదాకా సిమెంటు తీసేసి, సందులు అంగుళం లోతు గీకి, ఫిబ్రవరి నుంచి మే దాకా వదిలేయండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి, నీళ్ళతో కడగకూడదు. తర్వాత ఒకటికి మూడు పాళ్ళలో సున్నం, ఇసుక-ఇటుక పొడి కలిపి పూయించండి. సున్నం కనీసం మూడు వారాలు నీళ్ళలో నానినదై ఉండాలి. పూత మీద తడి గోనెలు పది రోజులు. పైన సున్నపు వెల్ల. పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు. కొన్నవాళ్ళు తర్వాత వేయకుండా ఒప్పందంలోనే రాయండి. కరెంటు తీగలకు గోడను అడ్డంగా చెక్కకుండా పైపైనే కాండ్యూట్ (తీగల గొట్టం) వేయించండి. ప్రతి ఫ్లాటుకూ వేరే మీటరు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు, సరైన ఎర్తింగు.

పైకప్పు విప్పే పని డిసెంబరులో మొదలై మే లోపల మూత పడాలి. అక్టోబరు, నవంబరు తుపాను నెలల్లో ఒక్క గది కూడా తెరిచి ఉంచకూడదు. యాత్ర ఏడాదైతే ఆ రోజుల్లో మీ వీధిలోకి లారీ రాదు, సరుకు ముందే దించుకోండి. వెనక భాగం ముందు పూర్తి చేసి అమ్మగారిని అందులోకి మార్చి, తర్వాత ముందు భాగం మొదలుపెడితే ఆమె ఇల్లు వదలనక్కర్లేదు.

ఇక దారులు. మొదటిది బిల్డర్ దారి. డబ్బు చేతికి ఒకేసారి వస్తుంది, లేదా కొత్త ఫ్లాట్లు వస్తాయి. కానీ పాత ఇల్లు గోడ నుంచి గోడ దాకా ఉంది. పడగొట్టి కొత్తది కడితే చుట్టూ ఖాళీ వదలాలి, బండ్లకు చోటు చూపాలి, ఎన్ని అంతస్తులన్నది వీధి వెడల్పును బట్టి డెవలప్‌మెంట్ అథారిటీ చెబుతుంది. ఐదంతస్తులు అన్నది అథారిటీ మాటా, బిల్డర్ ఆశా అన్నది ముందు తేల్చుకోండి. ఉమ్మడి గోడల్లో పక్కవాళ్ళ దూలాలు కూర్చుని ఉంటాయి. మీ వైపు ఖాళీ చేస్తే ఆ గోడకు ఆధారం పోతుంది. వాళ్ళ రాతపూర్వక అంగీకారం, గోడకు దన్ను ఎవరి ఖర్చో ఒప్పందంలో లేకపోతే పని మధ్యలో ఆగుతుంది. టేకు ఎవరిదో కూడా రాయించండి. 12 అడుగుల పొడవు, 4×8 అంగుళాల దూలం ఒక్కోటి రెండున్నర ఘనపుటడుగులు దాటుతుంది. అలాంటివి 60 ఉంటే 160 ఘనపుటడుగుల బర్మా టేకు. బిల్డర్ లెక్కలో దాని ప్రస్తావన ఉందేమో చూడండి.

రెండో దారి నాలుగు ఫ్లాట్లు చేసి ఒకటో రెండో అమ్మడం. మీ స్థలం 4,180 చదరపు అడుగులు, అంటే 388 చదరపు మీటర్లు. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు అన్న రెండు లెక్కల్లోనూ రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషను పరిధికి బయటే ఉన్నారు. మార్పులకు అథారిటీ అనుమతి మాత్రం తప్పదు. ఒడిశా అపార్ట్‌మెంట్ చట్టం, 2023 కింద ప్రతి ఫ్లాటుకూ స్థలంలో అవిభాజ్య వాటా, మండువా, పైకప్పు, మెట్లు ఉమ్మడి అని పత్రం రాసుకోవాలి. కొనేవాళ్ళకు బ్యాంకు రుణం ఇక్కడే కష్టం. కట్టడం ఇంకా ఎన్నేళ్ళు నిలుస్తుందో స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్ లేనిదే బ్యాంకు ముందుకు రాదు. ముందుగా ఆ బ్యాంకునే అడిగి, వాళ్ళు ఒప్పుకునే ఇంజినీరుతోనే పరీక్ష చేయించండి. దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ కట్టడం ఏదైనా ఉంటే 100 మీటర్ల నిషిద్ధ పరిధి, ఆపై 200 మీటర్ల నియంత్రిత పరిధి కూడా చూసుకోవాలి.

మూడోది అమ్మకుండా నాలుగు వాటాలూ కుటుంబం పేరనే ఉంచి, రెండు అద్దెకివ్వడం. కాగితాల పని తక్కువ, ఇంటి మీద అదుపు మీ చేతిలోనే ఉంటుంది. కానీ అన్నయ్యకు కావలసింది డబ్బైతే నెలకొచ్చే అద్దె వాటా ఆయనకు ఆనదు. అప్పుడు రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో ధర కట్టించి, ఆయన వాటా మీరూ అక్కా కలిసి మూడు నాలుగు వాయిదాల్లో కొనడం నాలుగో దారి. మరమ్మతుకు, వాటాకు రెండింటికీ ఒకేసారి అప్పు చేయాల్సి వస్తే మాత్రం ఒక ఫ్లాటు అమ్మడమే మేలు.

నాకు రెండో దారి మీ ఇంటికి సరిపోతుందనిపిస్తోంది, దూలాల కొసలు గట్టిగా ఉంటేనే. సగానికి పైగా పుచ్చి ఉంటే నేనూ పడగొట్టడం గురించి మాట్లాడతాను. అన్నయ్యకు ఇంటి మీద ప్రేమ లేదని అనుకోకండి. కారే కప్పు, తేలని వాటాలు ఉన్న ఇంటికి దూరాన ఉన్నవాళ్ళు అమ్మకమే దారి అనుకోవడం సహజం. ఆయనకు ఇంజినీరు నివేదిక, వాల్యుయర్ ధర, నాలుగు ఫ్లాట్ల ఖర్చు లెక్క ఒకే కవరులో పంపండి. అక్కకూ అదే కవరు పంపండి.

అంతవరకూ బిల్డర్ చెక్కు బ్యాంకులో వేయకండి. అన్నయ్య ఇప్పటికే వేసి ఉంటే, ఆ మొత్తం బ్యాంకు ద్వారానే తిరిగి పంపించమనండి, ఏ ఒప్పందమూ కుదరలేదని బిల్డర్ సంతకంతో రసీదు తీసుకోమనండి. అడ్వాన్సు పుచ్చుకున్న కాగితం ఒక్కటి అతని దగ్గర మిగిలినా, రేపు మీరు ఏ దారి పట్టినా అది అడ్డం వస్తుంది.